పైలం తర్వాత బై

మా ఇంట్లో మగవాడు గనిలోకి దిగే ముందు వినే ఆఖరి మాట ఇంటి ఆడదానిదే అయి ఉండాలి. ఇది మా అత్త పోచవ్వ పెట్టిన నియమం. నా పెళ్లయిన కొత్తలో, మా ఆయన రాజం మొదటి షిఫ్టుకు సైకిలు బయటికి తీస్తుంటే, ఆమె నా భుజం పట్టుకుని గేటు దాకా తోసింది.

"పైలం అని చెప్పు పిల్లా. ఆఖరి మాట ఎవలదైతే వాళ్ల దీవెనే ఎంట వోతది" అంది.

అప్పటిదాకా ఆ మాట ఆమెదే. ఆ పూట నాకిచ్చేసి, వెనక్కి తిరిగి చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

పైలం అంటే జాగ్రత్త అని ఒక్కటే కాదు. ఒళ్లు చూసుకొమ్మని, తల మీద కప్పు చూసుకొమ్మని, క్షేమంగా ఇల్లు చేరమని, అన్నీ అందులోనే ఉంటాయి. వెళ్లేవాడు "పోతున్న" అనకూడదు. "పోయొస్త" అనాలి. చక్రం కదిలాక వెనక నుంచి ఎవరూ నోరు తెరవకూడదు. తెరిస్తే వెళ్లేవాడు తిరిగొచ్చి, ఇంట్లో కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. మా కాలనీలో క్వార్టర్లన్నీ ఒకే పోత పోసినట్టు ఉంటాయి గానీ ఈ నియమాలు మాత్రం ఇంటికొక రకం. మా ఇంట్లో ఇవీ.

నేను పుట్టుకతోనే భయస్తురాలిని. లక్సెట్టిపేటలో ఏడో తరగతి చదువుతుండగా వర్షం గట్టిగా పడితే బడి కూలుతుందని సంచి సర్దుకుని కూర్చునేదాన్ని. అలాంటి నన్ను తెచ్చి గనివాడికి ఇచ్చారు. కుక్కరు మూడు కూతలు వేయాల్సింది రెండే వేసి ఆగినా, కింద ఏదో అయిందనుకుంటాను. అంబులెన్సు మా సందు ముందు నుంచి పోతే చేతిలో గరిట ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. అయినా రాజం కొలువు చేసినన్నాళ్లూ రోజూ పైలం అన్నాను, రోజూ ఇల్లు చేరాడు. ఎడమ చేతి చిటికెన వేలు గోరు ఒక్కటి పోయింది. ఆ రోజు నాకు జ్వరమొచ్చి గేటు దాకా లేవలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

రాజానికి ఊపిరితిత్తులు బాగలేక పని మానేశాక ఆ కొలువు మా కొడుకు శ్రావణ్‌కు వచ్చింది. సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చింది. నా మాట మాత్రం మారలేదు. వాడు "పోయొస్త అవ్వా" అంటాడు, నేను "పైలం బిడ్డా" అంటాను, వాడు బండి కదిలిస్తాడు. మా ఇద్దరి మధ్యా గాలి కూడా దూరేది కాదు.

మొన్న మాఘంలో వాడి పెళ్లి చేశాం. పిల్లది హుజూరాబాద్. పేరు వినోద. డిగ్రీ చదివింది. పెళ్లయిన పది రోజులకే మెయిన్ రోడ్డు మీది బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరుగా చేరింది. పని వచ్చిన పిల్ల, పెద్దలంటే గౌరవం ఉన్న పిల్ల. నేను వంక పెట్టడానికి ఏమీ లేదని నాకే విసుగ్గా ఉండేది. చివరికి వంక తనంతట తానే గేటు దగ్గరికి నడిచొచ్చింది.

శ్రావణ్ సెలవు అయిపోయి డ్యూటీకి బయల్దేరిన మొదటి పొద్దున.

"పోయొస్త అవ్వా."

"పైలం బిడ్డా."

చక్రం కదిలింది. నా వెనక, గడప మీద నుంచి, పిట్ట కూసినట్టు ఒక్క కూత వినిపించింది.

"బై!"

వాడు వెనక్కి తిరగలేదు గానీ ఎడమ చెయ్యి పైకెత్తి ఊపాడు. నా పైలానికి వాడు ఏనాడూ చెయ్యి ఊపలేదు.

"ఏమన్నవ్ పిల్లా?" అన్నాను.

"బై అన్న అత్తమ్మా." తడి జుట్టు, చేతిలో దువ్వెన. మొహంలో తప్పు చేసిన గుర్తే లేదు.

"చక్రం కదిలినంక ఎన్క నుంచి పిలుస్తరా ఎవలన్న?"

"పిలువలే అత్తమ్మా. బై అన్న, గంతే."

అరుగు మీద చాయ్ తాగుతున్న రాజం కలగజేసుకున్నాడు. "గది పిలుసుడు గాదే. సాగనంపుడు."

"నిన్నెవలడిగిండ్రు?" అన్నాను.

మర్నాటి నుంచి నేను జాగ్రత్త పడ్డాను. వాడు బండి ఎక్కాక కూడా హ్యాండిల్ పట్టుకుని ఏదో ఒకటి అడిగేదాన్ని. నీళ్ల సీసా పెట్టుకున్నావా, చేతిరుమాలు ఉందా. వినోద గడప దగ్గర కాచుకుని ఉండేది. నేను పైలం అని వదలగానే, అటు నుంచి బై. అలాగైతే కాదని, బండి పక్కనే సందు మలుపు దాకా నడిచి అక్కడ పైలం అనడం మొదలుపెట్టాను. ఆమె డాబా మీదికెక్కింది. డాబా మీది నుంచి మలుపు బాగా కనిపిస్తుంది.

"అవ్వా, నువ్వు గిట్లనే నడిస్తే రేపటికల్ల గని దాకా అస్తవ్. నీకు గూడ టోపీ మీద దీపం పెట్టిచ్చి లోపటికి దింపుత" అన్నాడు శ్రావణ్.

"దింపు. నీ పక్కనన్న ఉంట."

వాడు నవ్వాడు. డాబా మీది నుంచి "బై" వినిపించింది. నవ్వు ఇంకా వెడల్పయింది. ఆ వెడల్పు భాగం నాది కాదని నాకు తెలుసు.

ఇంతకూ ఆ మాటలో ఏముంది? మా పక్క క్వార్టరు శేవంతను అడిగాను. ఆమెది ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర పొలిమేర. ఆమె మొగుడూ గనిలోనే చేస్తాడు.

"మా దిక్కు ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు 'యేతో' అంటరక్కా. అస్త అన్నట్టు. 'జాతో', పోత అంటే మా ఆయి, గదే మా అవ్వ, చెంప వాయిస్తుండె" అంది.

"మరి బై అంటే?"

"బై అంటే ఇంకేముంది? టీవీల చూస్తలేవా? పిల్ల పిలగానికి బై చెప్పిందంటే ఇగ ఖతం. మల్ల మొఖం చూసుకోరు. లారీల ఎనుక గూడ రాస్తరు గద, టాటా బైబై అని. గా లారీ మల్ల కనవడ్తదా మనకు?"

రోజూ పొద్దున్నే నా కొడుకు వీపు మీద ఆ పిల్ల 'ఖతం' అని కొడుతోందా? ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

తింటూ మొహం చిట్లించిన రాజాన్ని అడిగాను, నీకేమన్నా తెలుసా అని. అతను గని ఆటల పోటీల్లో కబడ్డీ ఆడినవాడు.

"గా మాటకు మస్తు అర్థాలున్నయే. ఒకసారి పోటీలల్ల మా జట్టుకు ఎదురు జట్టు రాలే. బై ఇచ్చిండ్రు. ఆడకుండనే గెల్చి పై ఆటకు పోయినం. క్రికెట్ల ఇంకోటి. బాలు బ్యాటుకు తాకక, ఒంటికి తాకక, పక్క పొంటి ఎన్కకు పోతది సూడు, అప్పుడు ఉరికి పరుగు తీస్తె అది గూడ బైనే."

"ఒంటికి తాకకుంటనా?"

"తాకకుంటనే."

ఆ అర్థం కాస్త నచ్చింది. కప్పు నుంచి రాలిన రాయి మనిషికి తాకకుండా పక్క నుంచి పోయినట్టుంది. కానీ ఎంతసేపని నచ్చుతుంది? "అంటే బ్యాటు వట్టినోడు కొట్టలేకపోయిండన్నట్టే గద" అన్నాను.

"ఆ, తప్పిపోయిందన్నట్టు."

"చూసినవా. తప్పిపోయే మాటనే."

రాజం కంచంలో చెయ్యి ఆపి నా వైపు చూశాడు. "మా అవ్వ నీకు ఇచ్చింది గద లస్మీ గా ఆఖరి మాట. నీ కోడలికి నువ్వెందుకు ఇయ్యవు?"

"నేను పైలం అంటనని ఇచ్చింది. ఈ పిల్లకిస్తే పైలమే పోతది ఇంట్లకెల్లి."

ఆ జవాబు నాకు సరిగ్గానే అనిపించింది. ఇప్పటికీ అందులో తప్పు కనిపించదు. కాకపోతే అది సగం జవాబు. మిగతా సగం ఏమంటే, నాకు ఇవ్వబుద్ధి కాలేదు.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు, అత్త ఒక చూరు కింద ఉండకూడదు. వినోద బడికి సెలవు పెట్టింది, వాళ్ల బాపు కొమురెల్లి వచ్చి కూతుర్ని హుజూరాబాద్ తీసుకుపోయాడు. వెళ్లేటప్పుడు నా కాళ్లకు మొక్కి, "పోయొస్త అత్తమ్మా" అంది. మా మాట ఆమెకు వచ్చు. వచ్చి ఉండీ నా కొడుక్కి వాడదు. నేను "ఊఁ" అన్నాను. ఆషాఢాన్ని పెట్టిన పెద్దలెవరో గానీ వాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఆ రోజుల్లో నా పొద్దులు ఎంత బాగుండేవని! డాబా మీద పావురాలు తప్ప ఎవరూ లేరు. శ్రావణ్ పోయొస్త అనేవాడు, నేను గేటులో నిలబడి తాపీగా పైలం అనేదాన్ని. బండి మలుపు తిరిగేది. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం మొత్తం నాదే. నా మాట ఒక్కటే వాడి చెవిలో ఉంది, దానితోనే కిందికి దిగుతాడు అనుకుంటూ ముగ్గు వేసేదాన్ని. ఆ రోజుల్లో గని గురించి భయం కూడా కొంచెం తగ్గింది.

మల్లేష్ దాన్ని చెడగొట్టాడు. వాడు శ్రావణ్‌తో ఒకే షిఫ్టు. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి చాయ్ తాగుతూ పళ్లికిలించాడు.

"చిన్నమ్మా, మీవోనితోని మాకు రోజు లేటైతుంది. దీపాలిచ్చే గది ముంగట మేమందరం లైన్ల నిలవడితే, వీడు చెట్టు కింద నిలవడి ఫోన్ల బై, బై అనుకుంట ఉంటడు. లోపటికి ఫోన్ తీస్కపోనియ్యరు గద, పెట్టెల పెట్టి తాళమేసే దాక చెవికెల్లి తియ్యడు. మా ఓవర్‌మాన్ సారు గూడ నవ్వుతుండు."

నేను నవ్వలేదు. చేతిలో చాయ్ జల్లెడ చల్లబడింది. మలుపు తిరిగాక నిశ్శబ్దం నాదనుకున్నాను. ఆ నిశ్శబ్దం గని గేటు దాకా కూడా నిలవలేదన్నమాట. ఊరు దాటినా, జిల్లా దాటినా, ఆఖరి మాట ఆమెదే. చక్రం కదిలాక మాట్లాడకూడదన్న నియమం ఉంది గానీ, చక్రం ఆగాక మాట్లాడకూడదని మా అత్త చెప్పలేదు. ఆమె కాలంలో ఫోనెక్కడిది?

మల్లేష్ అటు వెళ్లగానే హుజూరాబాద్‌కు ఫోను కలిపాను.

"పొద్దుగాల పొద్దుగాల నా కొడుక్కు ఫోన్ చేస్తున్నవట?"

"నేను చేస్తలేను అత్తమ్మా. ఆయనే చేస్తడు."

కత్తిపీట మీద చెయ్యి పడ్డట్టయింది.

"ఎందుకు?"

"బై చెప్పిచ్చుకోను."

"గా మాటల ఏమున్నదే అంత? ఖతం అన్నట్టట గద. శేవంత చెప్పింది. మొఖం చూసుకోనోళ్లు చెప్పుకుంటరట."

అవతల నవ్వబోయి ఆపుకున్నట్టు వినిపించింది. నవ్వు ఆపుకున్నందుకు కూడా నాకు మండింది.

"అది ఖతం మాట గాదు అత్తమ్మా. మా పిల్లలకు గూడ చెప్త నేను బడిల. ఎనుకట ఇంగ్లీషోళ్లు ఒకల్నొకలు ఇడిశిపోయేటప్పుడు ఒక పెద్ద మాట అనెటోళ్లు, దేవుడు నీ ఎంట ఉండాలె అని. నాలుగైదు వందల ఏండ్ల కింద. రోజు అని అని, తొందర తొందరల నోట్ల నలిగి నలిగి అది చిన్నగయ్యింది. మనకు 'పోయి వస్తాను' అన్నది 'పోయొస్త' కాలేదా? గట్ల. గుడ్ మార్నింగ్, గుడ్ నైట్ అంటరు గద, వాటిని చూసి దేవుడున్న జాగల గుడ్ అచ్చి కూసున్నది. గుడ్‌బై అయ్యింది. ఇంకింత తొందర పడ్డరు, గుడ్ గూడ పాయె. బై మిగిలింది. నీ ఎంట ఉండాలె అన్న తోక ముక్క."

"మరి దేవుడు?"

"నోట్లకు రాడు అత్తమ్మా. ఉన్నట్టే."

అప్పటిదాకా నాకున్న ధైర్యం ఒక్కటే. నాది దీవెన, ఆమెది ఉత్త కూత. ఇప్పుడు చూస్తే ఆ పిట్ట కూతలో దేవుడు దాక్కుని ఉన్నాడు. నా పైలాన్ని నోట్లో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎంత వెతికినా అందులో దేవుడు దొరకలేదు. జాగ్రత్త ఉంది, భయం ఉంది, నేనున్నాను. అంతే.

వినోద ఇంకా చెబుతూనే ఉంది. "మా బాపు మస్కట్ల ఉన్నప్పుడు శుక్రారం శుక్రారం ఫోన్ చేసెటోడు. నా చిన్నప్పుడు. ఆఖరికి 'బై బిడ్డా' అని పెట్టేసెటోడు. మల్ల శుక్రారానికి మల్ల ఫోన్ అచ్చేది. బై అన్నడంటే మల్ల చేస్తడు, గదే నా లెక్క. ఒకసారి బై అనకుంటనే లైన్ కట్టయ్యింది. ఆ వారమంత నాకు బువ్వ పోలే. అందుకే ఆయనకు చెప్పిన, నాతోని బై అనిపిచ్చుకోకుండ లోపటికి దిగొద్దని."

బువ్వ పోని రోజుల సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా జాలి రాలేదు. ఆమె మాటకు దేవుడున్నాడు, సముద్రం దాటి తిరిగొచ్చిన తండ్రి ఉన్నాడు. నా మాటకు చిటికెన వేలి గోరు ఉంది.

"సరే, ఉంట" అని పెట్టేశాను. ఆమె అవతల నుంచి "బై అత్త..." అంటుండగానే పెట్టేశాను.

ఆ రాత్రంతా ఆలోచించి పొద్దునకు ఒక నిర్ణయానికొచ్చాను. అంత మంచి మాటైతే, అది ఆమె ఒక్కతిదే ఎందుకు కావాలి?

"పోయొస్త అవ్వా" అన్నాడు శ్రావణ్, బండి మీద కూర్చుని.

గొంతు సవరించుకున్నాను. "బై బిడ్డా" అన్నాను.

చక్రం సగం తిరిగింది. వాడు గట్టిగా బ్రేకు వేశాడు. బండి ఒరిగింది. దాన్ని స్టాండు వేయకుండానే గోడకు ఆనించి పరుగెత్తుకొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

"ఏమైందవ్వా? ఒంట్ల బాగలేదా? బాపు ఏడి?"

"ఏం కాలేరా. బై అన్న. నీ పెండ్లాం అంటలేదా?"

"నువ్వెప్పుడన్న అన్నవా? నా గుండె ఝల్లుమన్నది!"

అప్పుడు నాకు తట్టింది. చక్రం కదిలాక వాడు వెనక్కి తిరిగొచ్చాడు. నా వల్లే. ఇక వాణ్ని అలాగే ఎలా పంపను? "లోపటికి రా, కూసో, నీళ్లు తాగిపో" అన్నాను.

"లేటైతుంది అవ్వా."

"కూసో!"

కూర్చున్నాడు. నీళ్ల చెంబు తేబోతే తొందరలో సగం ఒలికింది. మళ్లీ ముంచుకొచ్చాను. వాడు తాగి, కాసేపు ఆగి, బయల్దేరేలోపు రాజం లోపలి నుంచి వచ్చి గడియారం చూపించాడు. షిఫ్టు సైరన్ కూసింది. ఇక పోయినా హాజరు వేయరు. మస్టర్ పోయింది.

శ్రావణ్ బూట్లు విప్పి గోడకు ఆనుకున్నాడు. కోపం లేదు. నా వైపు చూసి మెల్లగా అన్నాడు, "ఆమె బై అంటది, నువ్వు పైలం అంటవు. నువ్వు పైలం అనకుంటే నాకు కాలు కిందికి దిగది అవ్వా. గిది నీకు ఎరుకలేదా?"

ఆ మాట కోసమే కదా నేను ఆ సందు మలుపు దాకా నడిచింది. అక్కడితో ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు.

"మరి ఆమె బై అనకుంటే?"

వాడు చెంబులోకి చూస్తూ కూర్చున్నాడు. అడుగున మిగిలిన నీళ్లను అటూ ఇటూ తిప్పాడు. అదే జవాబని నాకు అర్థమైంది.

ఆ రోజంతా నేను చెవులు గని వైపు పెట్టి కూర్చున్నాను. వెళ్లబోయినవాణ్ని ఏదో వెనక్కి లాగిందంటే, ఇవాళ కింద ఏదో జరగబోతోందన్నమాట. అందుకే నా నోట్లోంచి ఆ మాట వచ్చిందన్నమాట. ప్రమాదమైతే షిఫ్టు మధ్యలో కూసే సైరన్ ఎప్పుడు కూస్తుందా అని చూశాను. కూయలేదు. అంబులెన్సు రాలేదు. షిఫ్టు దిగి అందరూ ఎప్పటిలాగే బొగ్గు మొహాలతో, ఖాళీ డబ్బాలు ఊపుకుంటూ ఇళ్లకు పోయారు. మల్లేష్ గేటు ముందు ఆగి, "ఏమైంది చిన్నమ్మా, శ్రావణ్ రాలే?" అని అడిగాడు.

"ఏం కాకపాయెనని మొఖం చిన్నబోయింది సూడు" అన్నాడు రాజం.

"నీ నోట్ల మన్నువడ!" అన్నాను. కానీ అతను పూర్తిగా అబద్ధం చెప్పలేదు. అందరూ క్షేమంగా రావడమే నాక్కావాల్సింది. అయినా నా బైకి ఏ మహిమా లేదని తేలిపోయింది కదా, ఆ బాధ వేరే.

సాయంత్రం డాబా మీద శ్రావణ్ ఫోనులో ఈ కథంతా చెబుతుంటే మెట్ల కింద నిలబడి విన్నాను. వాడు నవ్వాడు. అవతల నవ్విందో లేదో వినపడలేదు. కాసేపటికి వాడి గొంతు తగ్గి, "ఆఁ... ఆఁ... నీ ఇష్టం మరి" అనడం మాత్రం వినిపించింది.

శ్రావణం రాగానే వినోద తిరిగొచ్చింది. హుజూరాబాద్ నుంచి నాకు చీర, రాజానికి దగ్గు మందు తెచ్చింది. మర్నాడు పొద్దున నేను పెందరాళే గేటు దగ్గరికి చేరాను. ఆమె గడప లోపలే నిలబడింది.

"పోయొస్త అవ్వా."

"పైలం బిడ్డా."

చక్రం కదిలింది. నేను మెడ బిగపట్టి ఆగాను. వెనక నుంచి ఏమీ రాలేదు. బండి కాస్త నెమ్మదించింది, చెయ్యి లేవబోయి మళ్లీ హ్యాండిల్ మీదికే పోయింది. మలుపు తిరిగింది. నేను తిరిగి చూశాను. వినోద కింది పెదవి పంటితో పట్టుకుని బడికి పెట్టుకునే పూలు విడదీస్తోంది.

గెలిచాను. ఎదురు జట్టు రాకపోతే ఇచ్చే బై ఇదే కాబోలు. ఆడకుండా గెలిస్తే ఎలా ఉంటుందో రాజం చెప్పలేదు. నోట్లో బియ్యపు పిండి వేసుకున్నట్టుంది.

కొంచెం సేపటికి కిటికీలో పెట్టిన ఆమె ఫోను మోగింది.

మోగుతూనే ఉంది. ఆమె పూలే చూస్తోంది.

"ఫోనే గది" అన్నాను.

"ఎరికే అత్తమ్మా."

"వాడేనా?"

"ఆయనే. ఎత్తను. ఆఖరి మాట మీదే ఉండనియ్యండి."

ఫోను ఆగింది. మళ్లీ మొదలైంది. నాకు కళ్ల ముందు కనిపిస్తోంది. చెట్టు కింద వాడు, చేతిలో ఫోను, ముందు లైను కదులుతోంది. ఎత్తట్లేదేమిటి, ఇంట్లో అవ్వకేమన్నా అయిందా, వినోదకేమన్నా అయిందా అనుకుంటాడు. అదే మనసుతో కిందికి దిగుతాడు. కప్పు చూడాల్సిన చోట ఇల్లు చూస్తాడు.

ఇంకోటి కూడా ఉంది. ఆఖరి మాట మీదే ఉండనియ్యండి అందా పిల్ల? మా అత్త నాకిచ్చి వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. అది ఇచ్చేవాళ్ల పెద్దరికం. ఇప్పుడు ఈ పిల్ల నాకు ఇస్తోందా? నిన్నగాక మొన్న వచ్చి? దేవుడూ ఆమె దగ్గరే, తండ్రీ ఆమె దగ్గరే, ఇచ్చే పెద్దరికం కూడా ఆమె దగ్గరేనా?

కిటికీ దగ్గరికి వెళ్లి ఫోను లాక్కుని, ఆకుపచ్చ గుర్తు జరిపి, ఆమె మూతి ముందు పెట్టాను.

"చెప్పు."

"అత్తమ్మా..."

"చెప్పవే! లైన్ల నిలవడ్డడు వాడు!"

"బై" అంది వినోద. కళ్లలో నీళ్లు.

అవతల వాడు గట్టిగా ఊపిరి వదలడం నాకూ వినిపించింది. అప్పుడు ఫోను నా వైపు తిప్పుకున్నాను. "పైలం బిడ్డా" అన్నాను.

"అవ్వా? నువ్వా?" అన్నాడు వాడు. ఎవరో నవ్వుతున్నారు వెనక, మల్లేషే అయి ఉంటాడు. నేను పెట్టేద్దామంటే ఏది నొక్కాలో తెలియలేదు. ఇదే అదనని వినోద నా భుజం మీది నుంచి వంగి, "బై!" అంది మళ్లీ. పిట్ట కూతే. నేను ఊరుకుంటానా? "పైలం!" అన్నాను. ఇంతలో షిఫ్టు సైరన్ ఎత్తుకుంది, ఇక్కడా అక్కడా ఒకేసారి. ఫోను దానంతటదే ఆగిపోయింది.

ఆ తర్వాత ఆమె కళ్లు తుడుచుకుని, పూలు పెట్టుకుని, సంచి భుజాన వేసుకుంది. బడి ఆటో సందు చివర హారన్ కొడుతోంది.

"పోయొస్త అత్తమ్మా."

ఆటోలో పిల్లలు కిక్కిరిసి ఉంటారు. డ్రైవరు పక్కన అంచు మీద కూర్చుంటుంది ఈ పిల్ల. మెయిన్ రోడ్డు మీద బొగ్గు లారీలు. ఇన్నాళ్లూ ఆ లారీలు నా కంటికి ఎందుకు ఆనలేదో! నా నోరు నన్నడగలేదు.

"పైలం" అన్నాను. "లోపటికి జరిగి కూసో."

ఆమె ఆగి నన్ను చూసింది. ఏదో అనబోయింది. "బై అనకు నాకు. ఉరుకు, ఆటో పోతది" అన్నాను.

సాయంత్రం శ్రావణ్ బువ్వకు కూర్చున్నాడు. నేను వడ్డిస్తున్నాను, వినోద నీళ్లు పెడుతోంది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు.

"ఒరే, పొద్దుగాల ఫోన్ కట్టయ్యేటప్పుడు నీకు ఆఖరికి ఇనవడ్డది ఎవల మాట? ఆమెదా, నాదా?"

వినోద చేతిలో గ్లాసు ఆగింది. రాజం దగ్గడం కూడా ఆపాడు.

శ్రావణ్ ముద్ద మింగి ఆలోచించాడు. "మీ ఇద్దరిది కాదు అవ్వా. నేను ఫోన్ పెట్టెల పెట్టి ఉరికితే, మస్టర్ రాసే పిలగాడు ఒకడున్నడు. 'జల్ది నడువ్ రా, రోజు నీదొక లొల్లి' అన్నడు. గదే ఆఖరి మాట. గది ఇనుకుంటనే దిగిన."

రాజం పగలబడి నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

నేను వినోద వైపు చూశాను. ఆమె అప్పటికే నా వైపు చూస్తోంది.

ఎవడా పిలగాడు? ఎవరి కొడుకు? నా కొడుకుని కిందికి దింపేటప్పుడు నడువ్ రా అంటాడా? రేపు మల్లేష్‌ను అడగాలి. వినోద కూడా అదే అంది, కంచాలు తీస్తూ, గొంతు తగ్గించి. "ఆయన పేరేందో అడుగుదాం అత్తమ్మా."